తెర వెనక కూర్చుని దారి చెప్పినవాడు

"రెండో ప్రపంచ యుద్ధం అనగానే అందరూ పైలట్ల గురించే రాస్తారు. బాంబర్ విమానంలో నావిగేటర్ అనేవాడు అసలు ఏం చేసేవాడు? అలా చనిపోయిన ఒక్కరి గురించైనా ఎవరైనా వివరంగా చెప్పగలరా?" అని ఒకరు అడిగారు.

నేను కాల్గరీలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మా ఇంటి నుంచి కారులో వెళ్లగలిగేంత దూరంలోనే పుట్టిన ఒక నావిగేటర్ గురించి చెబుతాను. అతని పేరు హార్లో టేరమ్, అందరూ టెర్రీ అనేవారు. కానీ అతని పని ఎంత కష్టమో నాకు అర్థమయ్యేలా చెప్పింది మా నాన్న. ఆయన తూర్పు గోదావరిలో ముప్పై ఏళ్ల పైన సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. అందుకని నాన్న సంగతి కూడా మధ్యమధ్యలో వస్తుంది.

నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, కాల్గరీకి దక్షిణంగా గంట దూరంలో ఉన్న నాంటన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాను. అక్కడ బాంబర్ కమాండ్ మ్యూజియం ఉంది. బాంబర్ కమాండ్ అంటే అప్పటి బ్రిటన్ వైమానిక దళంలో బాంబర్ల విభాగం. అందులో ఒక అసలైన లాంకాస్టర్ బాంబర్ విమానం ఉంది. యుద్ధం అయిపోయాక తుక్కు కింద పోవాల్సిన ఆ విమానాన్ని 1960లో ఆ ఊరివాళ్లు ముగ్గురు కలిసి 513 డాలర్లకు కొన్నారు. ఇప్పుడు దాని ఇంజిన్లు మళ్లీ తిరుగుతాయి కూడా. ఆ రోజు లోపలికి ఎక్కి చూసే వీలు దొరికింది. బయటి నుంచి ఏనుగులా కనిపిస్తుంది కానీ లోపల నిటారుగా నిలబడటానికి కూడా చోటుండదు. రెక్కల్ని కలిపే దూలం మధ్యలో అడ్డంగా ఉంటుంది, దాని మీదుగా పాకి ముందుకు వెళ్లాలి. నాన్నకు మోకాళ్ల నొప్పులు. వద్దన్నా వినలేదు.

పైలట్ సీటు వెనక, ఎడమ పక్కన ఒక బల్ల ఉంటుంది. నావిగేటర్ కూర్చునేది అక్కడే. ముందుకు కాదు, పక్కకి తిరిగి కూర్చుంటాడు. చుట్టూ నల్లటి తెర లాగేస్తారు. మ్యాపు చూసుకోవడానికి అతనికి దీపం కావాలి, ఆ వెలుతురు బయటికి పొక్కితే శత్రువుకి కనిపిస్తుంది. కాబట్టి ఆరేడు గంటల ప్రయాణంలో చాలా భాగం అతను ఆకాశాన్నీ చూడడు, నేలనీ చూడడు. బల్ల మీద మ్యాపు, స్కేలు, డివైడర్, పెన్సిలు, ఒక గడియారం. అంతే.

అతను చేసే లెక్క చెప్పడానికి తేలిక. విమానం ఎంత వేగంతో పోతోంది, ముక్కు ఏ దిక్కుకి ఉంది, ఎంతసేపైంది అనే మూడూ తెలిస్తే ఎక్కడున్నామో మ్యాపు మీద చుక్క పెట్టొచ్చు. కానీ గాలి ఒకటి ఉందిగా! గంటకు 40 మైళ్ల గాలి పక్క నుంచి తోస్తుంటే, అది లెక్కలోకి తీసుకోకపోతే అరగంటలో 20 మైళ్లు పక్కకి పోతారు. ఆ చీకట్లో 20 మైళ్లంటే వేరే ఊరు, వేరే ఫిరంగులు. అందుకని నావిగేటర్ వీలైతే ప్రతి ఆరు నిమిషాలకూ ఎక్కడున్నారో సరిచూసుకునేవాడు. ఆరే ఎందుకంటే, గంటలో పదో వంతు కాబట్టి లెక్క తొందరగా తెగుతుంది. ఇంగ్లండు నుంచి వచ్చే రేడియో సంకేతాలు కొంతవరకు సాయం చేసేవి. జర్మనీ దగ్గర పడగానే జర్మన్లు ఆ సంకేతాల్ని చెడగొట్టేవారు. ఇక అక్కడి నుంచి పెన్సిలే దిక్కు.

నాన్న ఆ బల్ల దగ్గర వంగి చాలాసేపు చూశారు. తర్వాత అన్నారు: "ఒరేయ్, మాకు రాయి ఉండేదిరా. కొలత తప్పిందనుకో, వెనక్కెళ్లి సర్వే రాయి దగ్గర్నుంచి మళ్లీ గొలుసు పట్టుకునేవాళ్లం. ఇతనికి రాయి ఏదీ?"

నేను ఎన్నో చోట్ల చదివిన వివరణల కన్నా ఆ ఒక్క మాట నాకు బాగా ఎక్కింది.

టెర్రీ 1920 మే 22న అల్బర్టాలోని మైలో అనే ఊళ్లో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. తండ్రి నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. టెర్రీ ఇంకా పదేళ్ల పిల్లాడిగా ఉండగానే ఆయన నీళ్లలో మునిగి చనిపోయాడు. తల్లి హిల్డా పిల్లల్ని పెంచుకొచ్చింది. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేని ఆక్రమించింది. తండ్రి పుట్టిన దేశం అది. అదే ఏడాది టెర్రీ కెనడా వైమానిక దళంలో చేరాడు. శిక్షణ అయ్యాక ఇంగ్లండు వెళ్లి 50వ స్క్వాడ్రన్ అనే విమాన దళంలో బాంబర్లకు నావిగేటర్‌గా పనిచేశాడు. 1943 మార్చిలో ఒక ప్రత్యేకమైన పని కోసం 617 అనే కొత్త స్క్వాడ్రన్ పెట్టారు. దాని నాయకుడు గై గిబ్సన్‌కి అప్పుడు 24 ఏళ్లు. ఆయన తన విమానానికి నావిగేటర్‌గా తీసుకున్నది టెర్రీనే.

ఆ ప్రత్యేకమైన పని జర్మనీలో రూర్ ప్రాంతపు పరిశ్రమలకు నీళ్లిచ్చే ఆనకట్టలను కూల్చడం. 1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్లు, 133 మంది బయల్దేరారు. పీపాలాంటి బాంబుని వెనక్కి నిమిషానికి 500 చుట్లు తిప్పుతూ నీటి మీద వదిలితే, పిల్లలు చెరువులో పెంకు విసిరినట్టు అది గంతులేసుకుంటూ వెళ్లి గోడకి తగిలి, మునిగి, నీళ్ల అడుగున పేలుతుంది. అది సరిగ్గా జరగాలంటే విమానం నీటికి 60 అడుగుల ఎత్తులోనే ఉండాలి. ఒక పెద్ద తాటిచెట్టు ఎత్తు. గంటకు 370 కిలోమీటర్ల వేగంతో, రాత్రిపూట, ఎదురుగా ఫిరంగులు పేలుతుండగా! మామూలుగా ఎత్తు చూపించే మీటరు అంత కిందికి వస్తే నమ్మదగ్గది కాదు.

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. విమానం కింద ముందొక దీపం, వెనకొక దీపం పెట్టారు. రెండు వెలుగులూ కిందికి ఒకదాని వైపు ఒకటి వాలుగా పడతాయి. సరిగ్గా 60 అడుగుల దగ్గర నీటి మీద రెండు వెలుగు చుక్కలూ పక్కపక్కన అంటుకుని ఎనిమిది అంకెలా కనిపిస్తాయి. ఆ చుక్కల్ని చూసే పని నావిగేటర్‌ది. దారి చూపే పని ఆనకట్ట వెనక సరస్సు దాకా అయిపోయింది కాబట్టి, తెర వెనక నుంచి లేచి కుడి పక్క గాజు బుడగలాంటి కిటికీలోంచి కిందికి చూస్తూ "ఇంకా కిందికి, ఇంకా, చాలు" అని చెబుతూ ఉండాలి. పైలట్ నీళ్లని చూడటం లేదు. టెర్రీ గొంతుని బట్టి విమానాన్ని దించుతున్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాన్న నా ఫోను, మా ఆవిడ ఫోను తీసుకుని రెండింటి టార్చీలూ వెలిగించారు. మా అబ్బాయి వాటిని ఒక స్కేలు బద్దకి రబ్బరు బ్యాండ్లతో కట్టాడు. తాతా మనవడూ హాల్లో దీపాలార్పి, ఆ బద్దని పైకీ కిందికీ జరుపుతూ గచ్చు మీద రెండు వెలుగుల్ని కలపడానికి చూశారు. "తాతయ్యా కిందికి, కిందికి, ఆగు!" అని వాడు అరవడం, అప్పటికే రెండంగుళాలు దాటిపోవడం. ఇరవైసార్లు చేసినా రెండు మూడుసార్లకు మించి కుదరలేదు. కదలని గది అది, ఎవరూ కాల్చడం లేదు.

మోనె ఆనకట్ట మీద మొదటి బాంబు గిబ్సన్ విమానమే వేసింది. అది పేలినా గోడ కూలలేదు. ఐదో బాంబుకి కూలింది. ఆ తర్వాత వాళ్లు ఎడర్ ఆనకట్ట దగ్గరికి వెళ్లారు, అదీ కూలింది. తిరిగొచ్చేసరికి 19లో 8 విమానాలు లేవు. 53 మంది చనిపోయారు, ముగ్గురు పట్టుబడ్డారు.

ఇక్కడ ఒక సంగతి దాటేసి వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఆ నీళ్లు కింద ఉన్న ఊళ్ల మీద పడ్డాయి. 1,300 మందికి పైగా పోయారు. వాళ్లలో వందల మంది నెహైమ్ దగ్గర శిబిరంలో ఉంచిన ఆడవాళ్లు, సోవియట్ ప్రాంతాల నుంచి బలవంతంగా కూలికి తెచ్చినవాళ్లు. మ్యూజియంలో ఆ బాంబు నమూనా ముందు నిలబడి ఈ సంగతి చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 1986 గోదావరి వరద తగ్గాక లంక గ్రామాల్లో సరిహద్దు రాళ్లు వెతకడానికి వెళ్లిన మనిషి ఆయన. ఊరి మీదికి నీరు వస్తే ఏమవుతుందో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ కూడా 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసిన రోజు గురించి చెబుతుండేది. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తారట. అందుకే టెర్రీని నేను గౌరవిస్తాను, ఆ శిబిరంలో ఆడవాళ్ల కోసం బాధపడతాను. రెండూ ఒకే మనసులో ఉంచుకోవడం నాకు కష్టంగా లేదు. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేయమంటేనే కష్టం.

ఆ దాడికి టెర్రీకి డి.ఎఫ్.సి. అనే శౌర్య పతకం ఇచ్చారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. గిబ్సన్‌ని కొంతకాలం యుద్ధానికి దూరంగా ఉంచి కెనడా పర్యటనకు పంపారు. 1943 సెప్టెంబర్‌లో ఆయన కాల్గరీ వచ్చి టెర్రీ తల్లిని కలిశాడు. కొడుకు ఎలా ఉన్నాడో పక్కన కూర్చుని పనిచేసినవాడి నోటి నుంచే విన్నదావిడ. ఆ తల్లి సంతోషం ఎంతుంటుందో ఊహించండి.

అది జరిగిన కొద్ది రోజులకే, సెప్టెంబర్ 15 రాత్రి, 617 స్క్వాడ్రన్ నుంచి ఎనిమిది లాంకాస్టర్లు జర్మనీలో డోర్ట్‌మండ్-ఎమ్స్ కాలువ మీదికి బయల్దేరాయి. ఒక్కోదానిలో 12,000 పౌన్ల బాంబు. గిబ్సన్ స్థానంలో వచ్చిన జార్జ్ హోల్డెన్ ఆయన పాత సిబ్బందితోనే ఎగిరాడు. టెర్రీతో పాటు స్పాఫర్డ్, హచిసన్, డీరింగ్ కూడా ఆ విమానంలో ఉన్నారు. నలుగురూ ఆనకట్టల రాత్రి గిబ్సన్‌తో వెళ్లినవాళ్లే. తక్కువ ఎత్తులో పోతుండగా నోర్డ్‌హార్న్ ఊరి దగ్గర ఫిరంగి గుండు తగిలింది. విమానం నేలకూలింది, లోపల ఒక్కరూ మిగల్లేదు. ఆ రాత్రి ఎనిమిదింటిలో ఐదు విమానాలు పోయాయి. టెర్రీకి 23 ఏళ్లు. అతని సమాధి జర్మనీలో రైక్స్‌వాల్డ్ అడవి శ్మశానంలో ఉంది.

నాకు ఎక్కువగా అనిపించేది ఇదీ. నావిగేటర్ ఎంత సరిగ్గా దారి చెప్పినా, ఆ దారి మీద ఎవడో ఫిరంగి పెట్టుకుని కూర్చుంటే పెన్సిలుతో చేయగలిగేది ఏమీ లేదు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ఆనకట్టల రాత్రి గిబ్సన్ విమానంలో ఉన్న ఏడుగురూ, గిబ్సన్‌తో సహా, యుద్ధం అయ్యేలోపే పోయారు.

నాంటన్ మ్యూజియం బయట నల్లరాతి గోడ ఉంది. బాంబర్ కమాండ్‌లో చనిపోయిన కెనడా వాళ్ల పేర్లు పదివేలకు పైగా చెక్కారు. టేరమ్ అన్న ఇంటిపేరు దాని మీద ఒక్కసారి కాదు, రెండుసార్లు ఉంది. రెండోవాడు తమ్ముడు లోర్న్. అన్న పోయాక అతనూ వైమానిక దళంలో చేరి, విమానంలో గన్నర్‌గా వెళ్లి 1945 ఫిబ్రవరిలో చనిపోయాడు. పద్దెనిమిదేళ్లు. ఇంకో మూడు నెలలైతే యూరప్‌లో యుద్ధం అయిపోయేది. నాన్న కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "ఒకావిడకి ఇద్దరా" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు.

తిరుగు దారిలో ఆయనే అడిగారు, ఆ పిల్లాడి ఊరు ఎంత దూరమని. సరే అని మైలో వైపు తిప్పాను. ఆ ప్రాంతమంతా బల్లపరుపు నేల. పొలాల్ని మైలు పొడవు, మైలు వెడల్పు చదరాలుగా కోశారు. రోడ్లన్నీ తిన్నగా ఉత్తర దక్షిణాలకూ తూర్పు పడమరలకూ పోతాయి. నాన్న కారు ఆపించి దిగి, ఫోన్లో దిక్సూచి తెరిచి రోడ్డుకు సమంగా పట్టుకుని చూశారు. "ఎంత బాగా కొలిచార్రా!" అన్నారు. కాసేపాగి, "ఇక్కడ పెరిగినోడికి దిక్కులు ఎవరూ నేర్పక్కర్లేదు అబ్బాయ్" అన్నారు.

నాన్న ఇండియా వెళ్లిపోయేటప్పుడు విమానంలో నిద్ర పట్టదేమో అని మాకు కాస్త టెన్షన్‌గానే ఉండింది. హైదరాబాద్‌లో దిగగానే ఫోన్ చేశారు. నిద్రపోలేదట. ముందు సీటు వెనక ఉన్న స్క్రీన్ మీద విమానం ఎక్కడ పోతోందో మ్యాపులో చూపిస్తుంటే, వాచీ చూసుకుంటూ ఆరు నిమిషాలకోసారి అదే చూస్తూ కూర్చున్నారట.