స్మోకర్ ఎక్కడ పెట్టాలి: వైఫై అందే చోటా, గాలి ఆడే చోటా?

ప్రశ్న: పెరట్లోకి వైఫై ఉన్న పెల్లెట్ స్మోకర్ (పెల్లెట్లనే చెక్కపొట్టు గుళికలు కాల్చి, ఆ వేడితో, పొగతో మాంసం నెమ్మదిగా వండే యంత్రం) కొన్నాం. వంటగది గోడ పక్కన పెడితే సిగ్నల్ బాగుంది, ప్లగ్ కూడా అక్కడే ఉంది. పెరటి చివర పెడితే యాప్ మాటిమాటికీ ‘ఆఫ్‌లైన్’ అంటోంది. వానొస్తే ఇబ్బందని మావారు గ్యారేజ్‌లో పెడదామంటున్నారు. ఏది మంచిది?

జవాబు: గ్యారేజ్ మాట ఇక్కడితో మర్చిపోండి. తలుపు తెరిచి ఉంచినా సరే, వద్దు. పెల్లెట్లు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, కాబట్టి పొగ కనపడటం లేదు కదా అని ధైర్యం చేయడానికి లేదు.

వంటగది గోడ పక్కన కూడా వద్దనే అంటాను. సుమారు 110 డిగ్రీల దగ్గరే నడుస్తుంది కదా అనిపించవచ్చు. కానీ లోపల పెల్లెట్లు మండే గిన్నె అంతకంటే ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది, కింద పేరుకున్న కొవ్వు అంటుకునే ప్రమాదమూ ఉంది. గోడకు, చూరుకు ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మామూలుగా ఇంటికి 10 అడుగులు వదలమంటారు. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది పాటించండి. పైగా ఇది గంటల తరబడి పొగ వదిలే యంత్రం. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశారంటే, బయటికి పోయిన గాలికి బదులు ఆ పొగే కిటికీలోంచి లోపలికొస్తుంది.

కాబట్టి పెరటి చివరే. సిమెంటు లేదా రాతి నేల, సమతలంగా ఉండాలి. ఎండుగడ్డి, చెక్క డెక్ మీద వద్దు. పైన కొమ్మలు వేలాడకూడదు. గాలి ఎటు వీస్తోందో మీరు వండే వేళలోనే చూసుకోండి, ఎందుకంటే మధ్యాహ్నం గాలి, సాయంత్రం గాలి ఒకలా ఉండవు. ఈదురుగాలి నేరుగా తగిలితే స్మోకర్ వేడి నిలబెట్టుకోలేక పెల్లెట్లు ఎక్కువ మింగేస్తుంది, యాప్‌లో ఉష్ణోగ్రత గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. చాలామంది అప్పుడు యాప్‌ని తిట్టుకుని అప్‌డేట్ కోసం వెతుకుతారు. ముందు స్మోకర్‌ని కొంచెం తిప్పి చూడండి!

ఇక సిగ్నల్. గాలిని మనం మార్చలేం, వైఫైని మాత్రం పెరటిదాకా లాక్కురావచ్చు. ఇలాంటి స్మోకర్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఫోన్‌ని ఆ నెట్‌వర్క్‌కే కలిపి, స్మోకర్ పెట్టబోయే చోట నిలబడి, వైఫై ఎనలైజర్ యాప్‌లో సిగ్నల్ బలం (డీబీఎం అంకె) చూడండి. మైనస్ 60ల్లో ఉంటే నిశ్చింత. మైనస్ 80 దగ్గరికి పోతే తెగిపోతుంది. అప్పుడు వైఫైని ముందుకు అందించే మెష్ పరికరం ఒకటి ఇంట్లోనే, పెరటి వైపు కిటికీ దగ్గర పెట్టండి. సిగ్నల్ చచ్చిపోయిన చోట పెడితే అది మాత్రం ఏం పంచుతుంది? స్మోకర్ ఒళ్లంతా ఇనుమే కాబట్టి కంట్రోలర్ (స్మోకర్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న వైపు ఇంటికి ఎదురుగా ఉండాలి. మధ్యలో వైఫై పోయినా టెన్షన్ వద్దు: వేడిని చూసుకునేది సాధారణంగా కంట్రోలరే. ఫోన్‌కి అలర్ట్ రాదు, అంతే.

కరెంటుకి ఆరుబయట వాడే మందపాటి త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్ తీసుకోండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే లైన్ ఆపేసే బ్రేకర్) ఉన్న లైన్ నుంచి. వానల తర్వాత ఆన్ చేయగానే బ్రేకర్ పడిపోతుంటే పెల్లెట్లను అంటించే ఇగ్నైటర్‌లోకి తేమ చేరిందేమో చూపించండి. అంతేగానీ బ్రేకర్‌ని తప్పించి వాడొద్దు. కవర్ కప్పేది పూర్తిగా చల్లారాకే. పెల్లెట్లు తడిస్తే ఉబ్బి పొడై, వాటిని మంట దగ్గరికి తోసే లోపలి స్క్రూకి అడ్డం పడతాయి. వాడనప్పుడు తీసి మూత గట్టి డబ్బాలో పోయండి.

ప్రశ్న: మాంసం లోపలి వేడి చూసే బ్లూటూత్ ప్రోబ్ గుచ్చి స్మోకర్ మూత వేయగానే కనెక్షన్ పోతోంది. ప్రోబ్ పాడైందా?

జవాబు: కాకపోవచ్చు. ఇనుప పెట్టెలోంచి బ్లూటూత్ బయటికి రావడమే కష్టం. ప్రోబ్‌తో వచ్చిన, దాని సిగ్నల్ అందుకుని ఫోన్‌కి పంపే బేస్ యూనిట్‌ని వేడి తగలనంత దూరంలో, స్మోకర్ పక్కనే పెట్టండి. ఫోన్ మీ జేబులో ఉంటే చాలదు. అయినా కుదరకపోతే వైరు ఉన్న ప్రోబ్ కొనుక్కోండి, అది చవక కూడా.