జర్మనీలో చిన్న ఊళ్ళో ఉంటూ మన పోపు, కారం, పులుపు ఎలా తెచ్చుకున్నానంటే

మాస్టర్స్ కోసం జర్మనీ వచ్చారు, మీ ఊళ్ళో ఇండియన్ షాపు లేదు, సూపర్‌మార్కెట్ మసాలాలతో ఏం వండినా ఇంటి రుచి రావడం లేదు, సెలవులకి వెళ్ళినప్పుడు ఏవి తెచ్చుకోవాలి అని అడిగారు. మాది తెనాలి వైపు. తొమ్మిదేళ్ళుగా హానోవర్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను, కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

మొదటిసారి వచ్చినప్పుడు సూట్‌కేసులో సగం ధనియాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, చింతపండే ఉన్నాయి. అంత బరువు మోయనవసరం లేదని తర్వాత తెలిసింది. ఇవన్నీ ఇక్కడ వేరే పేర్లతో, వేరే దేశాలవాళ్ళ షాపుల్లో దొరుకుతాయి. ఇంటి నుంచి తప్పనిసరిగా తెచ్చుకోవాల్సినవి నా లెక్కలో మూడే: కారం, ఇంగువ, ఇంట్లో కొట్టిన పొడులు.

కారం విషయంలో మాత్రం రాజీ పడకండి. ఇక్కడ సూపర్‌మార్కెట్లో పాప్రికా అని అమ్మేది రంగు కోసమే, అందులో 'ఎడెల్‌స్యూస్' అని రాసి ఉంటే అది తియ్యటిది. టర్కీ షాపులో దొరికే పుల్ బిబెర్ కూడా మన కారం కాదు. అది నూనె, ఉప్పు పట్టించిన మిరప పలుకులు, ఆమ్లెట్ మీదకి బాగుంటుంది కానీ పులుసులోకి పనికిరాదు. నేను ఏడాదికి రెండు కిలోల గుంటూరు సన్నం కాయలు తొడిమలు తీయించి, ఎండబెట్టించి, సగం పట్టించి సగం కాయలుగానే తెచ్చుకుంటాను. తేజ రకం ఘాటు ఎక్కువ, అలవాటు లేకపోతే సన్నమే మేలు. వచ్చిన రోజే చిన్న చిన్న కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. అలా ఏడాదైనా ఎరుపు తగ్గదు, పురుగు పట్టదు. బయట డబ్బాలో ఉంచినది ఆరు నెలలకే పాలిపోయింది.

ఇంగువ ముద్దగా తెచ్చుకోండి. డబ్బాల్లో అమ్మే పొడిలో మైదా గానీ బియ్యప్పిండి గానీ కలుస్తుంది, అందుకే అది ఎంత వేసినా ఆ ఘాటు రాదు. గాజు సీసాలో పెట్టి, ఆ సీసాని ఇంకో డబ్బాలో పెట్టాలి. నలుగురితో వంటగది పంచుకునేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. జర్మన్‌లో దీన్ని 'టాయ్‌ఫెల్స్‌డ్రెక్' అంటారు, అంటే దెయ్యం మలం అని. ఆ వాసన వాళ్ళకి ఎలా అనిపిస్తుందో పేరులోనే ఉంది.

ఇక ఇక్కడ కొనేవాటి సంగతి. జీలకర్ర దగ్గర జాగ్రత్త. 'క్యుమ్మెల్' అని రాసి ఉండే గింజ చూడ్డానికి అచ్చం జీలకర్రే. నేను అది కొని చారులో పోపు పెట్టాను, మొదటి ముద్దకే తేడా తెలిసి చారంతా పారబోయాల్సి వచ్చింది. అది వీళ్ళు రొట్టెల్లో, క్యాబేజీలో వేసుకునే వేరే గింజ. మన జీలకర్ర పేరు 'క్రొయిత్స్‌క్యుమ్మెల్', టర్కీ షాపులో 'కిమ్యోన్'. మెంతులు 'బొక్స్‌హోర్న్‌క్లే'. సూపర్‌మార్కెట్లో దొరికే ఆవాలు ఎక్కువగా పసుపు రంగువి, చిటపటలాడతాయి కానీ మన నల్లావాల ఘాటు ఉండదు. చింతపండు థాయ్, వియత్నాం షాపుల్లో అచ్చుగా నొక్కి అమ్ముతారు, అది కొనండి. నువ్వుల నూనె మాత్రం అక్కడ కొనకండి. అది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె, దాంతో పచ్చడి పెడితే అదే వాసన మిగులుతుంది.

పచ్చి కరివేపాకు సూట్‌కేసులో తేవద్దు. 2019 డిసెంబర్ 14 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పచ్చి ఆకులు, కూరలు, పండ్లు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం (ఫైటోశానిటరీ సర్టిఫికెట్) కావాలి. అనాస, కొబ్బరికాయ, డ్యూరియన్, అరటి, ఖర్జూరం, ఈ ఐదింటికే మినహాయింపు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలకి అసలు అనుమతి లేదు. నెయ్యి ఇక్కడే కాచుకోవచ్చు. ఉప్పు లేని 250 గ్రాముల వెన్న కడ్డీకి సుమారు 200 గ్రాముల నెయ్యి వస్తుంది, మంచి వాసనతో వస్తుంది. కరివేపాకు పెద్ద ఊరికి వెళ్ళినప్పుడు కొని, కడిగి, పూర్తిగా ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. వాడేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేయాలి. మొక్కల దుకాణంలో 'కరీక్రౌట్' అని ఉంటే కరివేపాకనుకుని కొనకండి, అది పూర్తిగా వేరే మొక్క.

పోపు గురించి ఒక్క మాట. ఇండక్షన్ పొయ్యి అయితే మన చిన్న అల్యూమినియం గరిటె వేడెక్కదు, చిన్న ఇనప మూకుడు కొనుక్కోండి. ఎండుమిర్చి వేయించేటప్పుడు కిటికీ ముందే తెరిచి పెట్టండి. ఇక్కడి ఇళ్ళలో పొగ అలారం తప్పనిసరి, అది మోగితే బిల్డింగ్ అంతటికీ టెన్షన్.

నేను ఇక్కడ ఎక్కువ బెంగపడింది పులుపు కోసం. గోంగూర లేదు, చుక్కకూర లేదు, పుల్లటి మామిడికాయ లేదు. మూడో ఏడాది పోలండ్ వాళ్ళ షాపులో 'ష్చావ్' అని ఆకుకూర సీసా కనబడింది. రుచి చూస్తే చుక్కకూర! నిజంగానే రెండూ దగ్గరి చుట్టాలు. అప్పటి నుంచి మా ఇంట్లో వారానికోసారి ఆ పప్పు ఉంటుంది. సీసాలో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చెప్పకుండా వడ్డించాను. రెండో ముద్దకి చెయ్యి ఆపి, "చుక్కకూర ఎక్కడ దొరికిందే?" అంది.

వసంతంలో రబార్బర్ వస్తుంది, పొడుగాటి ఎర్ర కాడలు. ఇదీ చుక్కకూర కుటుంబమే. వీళ్ళు చక్కెర వేసి కేకుల్లో వాడతారు, మనకి మాత్రం పప్పులోకీ పచ్చడిలోకీ బంగారం. మూడు కాడలు ముక్కలుగా కోసి నూనెలో వేస్తే ఐదు నిమిషాల్లో గుజ్జయిపోతుంది. విడిగా ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు, ఇంగువ వేయించి, వెల్లుల్లి, ఉప్పుతో నూరి అందులో కలపండి. వేడి అన్నంలో నెయ్యితో తింటే గోంగూర పచ్చడికి దగ్గరగా వెళ్తుంది. ఆకులు మాత్రం పూర్తిగా తీసేయాలి, అవి విషం. జూన్ 24 దాకే దీని సీజన్ అంటారు, కాబట్టి మేలోనే నాలుగు కిలోలు కొని, కోసి, ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను. చలికాలంలో ఎండ కనబడని రోజుల్లో ఆ కవరు తీసి పప్పులో వేస్తాను.