ఓటు మీదే, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్లింది?

ప్రశ్న: నా వయసు 67. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. హైదరాబాద్ శివారులో మేముండే గేటెడ్ కమ్యూనిటీలో 380 ఫ్లాట్లున్నాయి. ఓనర్ల సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది. నాలుగు నెలల క్రితం కార్యవర్గం ఎన్నికలు ఆన్‌లైన్‌లో జరిగాయి. లింకు వస్తుంది, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది కొట్టి ఓటు వేయడమే. అధ్యక్ష పదవికి పోటీ చేసి 7 ఓట్ల తేడాతో ఓడిపోయాను. అసలు నా ఓటే నేను వేసుకోలేకపోయాను. లింకు తెరిస్తే 'మీ ఓటు ఇప్పటికే నమోదైంది' అని వచ్చింది. నాకు ఓటీపీ రానే లేదు. ఓటర్ల జాబితా కంపెనీకి పంపిన కార్యదర్శి నాకు పదిహేనేళ్ల స్నేహితుడు. మా అమ్మాయి పెళ్లి పనులన్నీ దగ్గరుండి చూశాడు. అతనే అవతలి ప్యానెల్‌తో కలిసిపోయాడని తర్వాత తెలిసింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పదీ పన్నెండు మంది పెద్దవాళ్ల దగ్గర ఓటీపీలు చెప్పించుకుని ఎవరో కుర్రాడు ఓట్లు వేసేశాడని కూడా అంటున్నారు. మా అన్నయ్య కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ సైటు అడ్మిన్ పాస్‌వర్డ్ చాలా తేలికట, లోపలికెళ్లి ఎవరి ఓటు ఎటు పడిందో తీసిస్తానంటున్నాడు. అది పెట్టి కేసు వేయనా? అసలు ఆన్‌లైన్ ఓటింగ్ చట్టం ముందు నిలుస్తుందా?

జవాబు: స్నేహితుడి సంగతి పక్కన పెట్టండి. ఆయన మీకు ద్రోహం చేశాడో లేదో కోర్టు తేల్చదు, తేల్చినా మీకు పదవి రాదు. ఇంత పెద్ద ఉత్తరంలో కేసుకు పనికొచ్చే వాక్యం ఒక్కటే ఉంది: 'నాకు ఓటీపీ రానే లేదు.' ఓటు మాత్రం పడింది. మీ సిస్టమ్‌లో ఓటీపీ లేకుండా ఓటు పడదు. అంటే అది మరో నంబరుకు వెళ్లి ఉండాలి. పోలింగ్ రోజున జాబితాలో మీ పేరు ఎదురుగా ఏ నంబరుంది? మార్చి ఉంటే ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు? కేసంతా అక్కడే ఉంది.

ఓటీపీ మనిషిని గుర్తుపట్టదు, ఫోన్ నంబరును మాత్రమే గుర్తుపడుతుంది. అందుకే ఆన్‌లైన్ ఎన్నికలో తాళం ఎంత గట్టిదన్నది తర్వాతి మాట, ఓటర్ల జాబితా ఎవరి చేతిలో ఉందన్నది ముందు చూడాలి. ఎస్టోనియాలో 2005 నుంచి ఇంటర్నెట్‌లో ఓటు వేస్తున్నారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. అక్కడ ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు, దానికి రెండు పిన్‌లు ఉంటాయి. ఒకటి లోపలికి వెళ్లడానికి, రెండోది ఓటు మీద డిజిటల్ సంతకం పెట్టడానికి. ఎవరైనా పక్కన కూర్చుని బెదిరించి ఓటు వేయిస్తే, తర్వాత మళ్లీ వేసుకోవచ్చు. ఆఖరిదే లెక్కలోకి వస్తుంది. మీ సంఘం వాడిన పద్ధతిలో ఈ జాగ్రత్తలేవీ లేవు. ఒక ఎక్సెల్ షీటు, అందులో నంబర్లు, అంతే.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. ఇలాంటి ఎన్నికల్లో జాబితాను ముందే నోటీసు బోర్డులోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. మీ దగ్గరా పెట్టే ఉంటారు. బ్యాంకులో పనిచేసిన మనిషి, పైగా స్వయంగా అభ్యర్థి. మీ పేరు ఎదురుగా మీ నంబరే ఉందో లేదో చూసుకోకుండా నామినేషన్ ఎలా వేశారండీ? ఒకవేళ మీరే ఎప్పుడో నంబరు మార్చి, సంఘానికి చెప్పలేదేమో కూడా గుర్తు చేసుకోండి. వదిలేసిన నంబరును టెలికాం కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అదే జరిగి ఉంటే మీ కేసులో కుట్ర మాట పోయి, మీ నిర్లక్ష్యమే మిగులుతుంది. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. నా దగ్గరికి వచ్చినా నేనూ ముందు అదే అడుగుతాను.

ఇప్పుడు లెక్క. తేడా 7 ఓట్లు. మీ ఒక్క ఓటు దొంగిలించారని నూటికి నూరుపాళ్లు రుజువైనా ఎన్నిక రద్దు కాదు. ఫలితం తారుమారయ్యేంత అక్రమం జరిగిందని చూపించాలి. కాబట్టి మీది కలుపుకొని కనీసం ఎనిమిది ఓట్లు ఓటరు కాని వాళ్ల చేతులతో పడ్డాయని తేలాలి. 'పదీ పన్నెండు మంది పెద్దవాళ్ల దగ్గర ఓటీపీలు చెప్పించుకున్నారని అంటున్నారు' అన్నారు. అంటున్నది ఎవరు? లిఫ్టులో చెప్పుకునేది సాక్ష్యం కాదు. ఏ ఫ్లాటు, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరొచ్చి అడిగారు, ఏం చెప్పి ఓటీపీ తీసుకున్నారు అన్న వివరాలతో ఒక్కొక్కరి దగ్గర అఫిడవిట్ తీసుకోవాలి. ఓటీపీ తామే చెప్పామని ఒప్పుకోవడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. పిల్లలు ఏమంటారోనని భయపడతారు. ముందు కూర్చుని మాట్లాడండి. ఇష్టపడి చెప్పినవారికీ, మోసపోయి చెప్పినవారికీ తేడా ఉంటుంది. 'తాతగారూ, మీకు కళ్లు కనిపించవు కదా, మీరు చెప్పినవాళ్లకే వేసిపెడతాను' అని నమ్మబలికి తనకు నచ్చినవాళ్లకు వేసుకుంటే అది మోసం. 'నీ ఇష్టమొచ్చినట్టు వేసుకో బాబూ' అని వదిలేసిన ఓటు మీద నాకు పెద్ద ఆశ లేదు.

ఆ ఓట్లు ఎవరికి పడ్డాయో తెలియకుండా ఎలాగని మీరు అడుగుతారు. తెలియకూడదు. మంచి ఆన్‌లైన్ ఓటింగ్‌లో ఓటరు ఎవరన్నదీ, ఓటు ఎటన్నదీ విడివిడిగా ఉంటాయి. మన పోస్టల్ బ్యాలెట్‌లో 13ఏ డిక్లరేషన్ వేరుగా, ఓటు పెట్టిన 13బీ కవరు వేరుగా ఉన్నట్టే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 13ఏ మీద అధికారి సీలు లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా అని హైకోర్టు దాకా వెళ్లారు గుర్తుందా? ఆ గొడవంతా బయటి కాగితం మీదే, లోపలి ఓటు జోలికి ఎవరూ పోలేదు. మీరూ అలాగే బయటి కాగితం మీదే పోరాడాలి. ఎవరు వేశారు, ఏ నంబరు నుంచి, ఏ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి, ఎన్ని గంటలకు. ఒకే ఫోన్ నుంచి అరగంటలో తొమ్మిది ఫ్లాట్ల ఓట్లు పడినట్టు లాగ్‌లో, అంటే సిస్టమ్ తనంతట తాను రాసుకునే రికార్డులో, కనిపిస్తే, అవి ఎవరికి పడ్డాయో చెప్పకుండానే మీ పని అయిపోతుంది.

ఇక మీ అన్నయ్య కొడుకు. ఆ అబ్బాయిని ఈ క్షణమే ఆపండి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లి సమాచారం తీస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. పాస్‌వర్డ్ తేలికగా ఉంది కదా అన్నది ఏ కోర్టులోనూ సమాధానం కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆ కేసు ఒక్కటి చాలు. అంతకంటే పెద్ద నష్టం మీకు. ఒక్కసారి మీవాడు లోపల అడుగుపెట్టాక, 'లాగ్ మార్చింది వీళ్లే' అని అవతలివాళ్లు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. ఉన్న ఒక్క మంచి సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే పాడుచేసుకున్నట్టవుతుంది. ఇంకో సంగతి. ఎవరి ఓటు ఎటు పడిందో చూపించే జాబితా నిజంగానే ఆ సైటులో ఉంటే, రహస్య ఓటింగ్ జరగలేదని వాదించడానికి అంతకు మించిన ఆధారం ఉండదు. కానీ అది కోర్టు పంపిన కమిషనర్ చేతికి దొరకాలి, మీవాడి పెన్‌డ్రైవ్‌లో కాదు.

కాలపరిమితి దగ్గర చాలామంది బోల్తా పడతారు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలైతే 45 రోజుల్లో పిటిషన్ వేయాలి, ఒక్కరోజు దాటినా అంతే. సొసైటీ గొడవకు లిమిటేషన్ చట్టం 137వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్ల గడువుంది. ఆ మాట విని తీరిగ్గా కూర్చోకండి. బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, ఎన్నికపై అభ్యంతరానికి వేరే గడువు పెట్టి ఉంటారు, అది ముందు చూడండి. మీ అసలు గడువు మాత్రం వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. తర్వాత చెరిపేసినా అడిగేవాడు లేడు. మీరు నాలుగు నెలలు ఇంట్లో బాధపడుతూ గడిపేశారు. మిగిలింది రెండు నెలల లోపు. మూడేళ్ల గడువులో కేసు వేయవచ్చు, ఆరు నెలలు దాటాక చూపించడానికి మాత్రం ఏమీ మిగలదు.

కాబట్టి ఈ వారంలోనే సంఘానికీ, ఓటింగ్ నడిపిన కంపెనీకీ వేర్వేరుగా లాయర్ నోటీసు వెళ్లాలి. స్పీడ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. కార్యదర్శి మొదట పంపిన జాబితా, తర్వాత అందులో జరిగిన మార్పులు, ఓటీపీ ఏ నంబరుకు ఎన్ని గంటలకు పంపారు, ఓటు పడిన సమయం, ఐపీ అడ్రసు, వాడిన ఫోన్ వివరాలు, వీటిని చెరపకుండా భద్రపరచమని అడగాలి. ఎవరి ఓటు ఎటు అన్నది అడగొద్దు. నోటీసు అందాక కూడా చెరిపేస్తే, ఆ చెరిపివేతే వాళ్లకు వ్యతిరేకంగా మాట్లాడుతుంది.

మీ ఫోన్ మార్చకండి. 'ఇప్పటికే నమోదైంది' అన్న స్క్రీన్‌షాట్ ఉంటే దాన్ని వాట్సాప్‌లో అటూ ఇటూ పంపి, అసలు ఫైలు డిలీట్ చేసి కూర్చోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. దాంట్లో మీరు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి, ఫైలు హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేతం) సహా. కంపెనీ తన లాగ్‌లకు సర్టిఫికెట్ ఇవ్వనంటే కోర్టు ద్వారా తెప్పించవచ్చని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ ఎన్నికల తగాదాయే.

కేసు ఎక్కడ వేయాలంటే, తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001, సెక్షన్ 23 కింద జిల్లా కోర్టులో దరఖాస్తు. మీ సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడండి. మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టరై ఉంటే దారి మారి కోఆపరేటివ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తుంది. దరఖాస్తుతో పాటే డేటా కాపీ తీయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని మధ్యంతర పిటిషన్ వేయించండి. కొత్త అధ్యక్షుణ్ని ఆపమని స్టే కోసం ముందే పరుగెత్తకండి, అది దొరకడం కష్టం. డేటా చిక్కితే తర్వాత సంగతి చూసుకోవచ్చు. నంబరు మార్చి ఓటు వేశారని తేలితే ఐటీ చట్టం 66సీ (ఇంకొకరి గుర్తింపును దొంగిలించి వాడుకోవడం) కింద పోలీసు ఫిర్యాదుకూ వీలుంది. పోలీసులు ఎన్నిక రద్దు చేయరు, అది గుర్తుంచుకోండి.

ఆన్‌లైన్ పద్ధతే చెల్లదన్న వాదన మీ నోట రాకూడదు. అదే పద్ధతిలో పోటీ చేసి, ఓడాక కాదంటే జడ్జిగారు వినరు. చట్టానికి ఆన్‌లైన్ ఓటు కొత్తేమీ కాదు. కంపెనీల వాటాదారులు 2013 చట్టం 108వ సెక్షన్ కింద ఎప్పటినుంచో వేస్తున్నారు. అక్కడ స్క్రూటినైజర్ అనే బయటి వ్యక్తి, కంపెనీలో ఉద్యోగులు కాని ఇద్దరు సాక్షుల ఎదుట మాత్రమే ఓట్లు తెరుస్తాడు. మన దేశంలో ప్రజాప్రతినిధుల ఎన్నికల్లో మాత్రం ఇంకా ప్రయోగాలే. 2021 అక్టోబర్‌లో ఖమ్మంలో ఫోన్‌తో నమూనా ఓటింగ్ జరిపి చూశారు. 2025 జూన్‌లో బీహార్ మున్సిపల్ ఎన్నికల్లో నిజంగానే యాప్ ద్వారా ఓట్లు వేయించారు. అసెంబ్లీకి, లోక్‌సభకు ఆ సౌకర్యం లేదు. అమెరికాలో మీవాళ్లెవరైనా ఉండి, వాళ్లకు 'ఇక్కడ నొక్కి ఓటేయండి' అని లింకు వస్తే అది మోసమే. ప్రవాసులు పాస్‌పోర్టు పట్టుకుని సొంత బూత్‌కు రావాల్సిందే.

కోర్టు ఖర్చు, కాలం తప్పించుకునే దారి ఒకటుంది. ఎనిమిది అఫిడవిట్లు చేతికొచ్చిన రోజు వాటి నకళ్లు నోటీసుకు జతచేసి, అధ్యక్ష పదవికి మళ్లీ పోలింగ్ పెట్టమని జనరల్ బాడీని అడగండి. ఈసారి జాబితా కార్యదర్శి చేతిలో కాకుండా బయటి స్క్రూటినైజర్ చేతిలో ఉండాలనీ, నంబరు మార్పు ఏదైనా పాత నంబరుకు మెసేజ్ వెళ్లాకే జరగాలనీ షరతు పెట్టండి. లాగ్‌లు బయటికొస్తాయన్న భయం ఉన్న ప్యానెల్ దీనికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోతే మీ దరఖాస్తు ఆ 180 రోజులు నిండకముందే కోర్టులో నమోదై కేసు నంబరు పడాలి.