పాఠకుల ప్రశ్నలు: రైలు బల్ల మీద పరుపు వేయించిన మాస్టారు

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు, ఈ మధ్యనే కాలం చేశారు. రైల్లో పక్క వేసుకునేటప్పుడల్లా ‘దండవతే గారి పుణ్యం’ అంటుండేవారు. సమ్మె రోజుల గురించి చెప్పేటప్పుడు కూడా ఆ పేరు వచ్చేది. ఆయన ఎవరో, మా నాన్నగారు అంతగా ఎందుకు తలుచుకునేవారో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మీ నాన్నగారికి నమస్కరించి ఈ జవాబు మొదలుపెడుతున్నానమ్మా. ఆయన తలుచుకున్న మనిషి మధు దండవతే. 1977 మార్చిలో కేంద్రంలో జనతా ప్రభుత్వం ఏర్పడినప్పుడు రైల్వే మంత్రి అయి, 1979లో ఆ ప్రభుత్వం పడిపోయేదాకా ఆ శాఖ చూశారు. అంతకుముందు బొంబాయిలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పిన మాస్టారు.

పడక బల్ల సంగతి నేటి పిల్లలకు చెబితే గాని తెలియదు. రైళ్లలో మూడో తరగతిని 1974లో ఎత్తివేసి, ఆ పెట్టెలనే రెండో తరగతి అన్నారు. పేరు మారింది గాని బల్ల మారలేదు. అది వట్టి చెక్క. నా చిన్నతనంలో మా నాయనమ్మను తీసుకుని రాత్రి బండిలో మద్రాసు వెళ్లేవాళ్లం. రెండు పాత నేతచీరలు నాలుగు మడతలు వేసి ఆమె నడుము కింద పరిచేవాళ్లం, అయినా పక్కకు ఒత్తిగిల్లిన ప్రతిసారీ తుంటి ఎముక చెక్కకు తగిలి ఆమె సన్నగా మూలిగేది. తెల్లారి లేచేసరికి నా మోచేతి మీద బల్ల బద్దల అచ్చు గీతలు గీతలుగా పడి ఉండేది. హోల్డాలు ఉన్నవాళ్లు దాన్ని విప్పి పరుచుకునేవారు, లేనివాళ్లకు దుప్పటో, పాత పేపరో గతి. అదే బండిలో మొదటి తరగతి పెట్టెలో మెత్తటి పరుపులు ఉండేవి.

దండవతే మంత్రి అయ్యాక ఆ చెక్క మీద రెండంగుళాల స్పాంజి వేయించారు. మొదటి తరగతిని కిందికి దించాలన్నది తన ఉద్దేశం కాదని, రెండో తరగతిని పైకి తేవాలన్నదే తన కోరిక అని ఆయన చెప్పుకున్నారు. 1977 డిసెంబరు 26న బొంబాయి–హౌరా మధ్య మొదలైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్ తరగతుల తేడా లేని బండి. అన్నీ రెండో తరగతి పెట్టెలే, బల్లలన్నిటికీ పరుపులే. తర్వాత దేశమంతటా రెండో తరగతి స్లీపర్ పెట్టెలకు ఆ పరుపు వచ్చింది. ఏ మంత్రి పేరూ గుర్తులేని కోట్లాదిమంది ఆ పరుపు మీద నిద్రపోయారు, ఇప్పటికీ పోతున్నారు.

అయితే మీ నాన్నగారు సమ్మె గురించి కూడా చెప్పేవారన్నారు గనుక, నా దృష్టిలో ఇంతకన్నా పెద్దదైన మరో పనిని ఇక్కడ చెప్పాలి. 1974 మే 8 నుంచి 27 దాకా సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ఎనిమిది గంటల పనిదినం, బోనస్ వారి ముఖ్యమైన కోరికలు. ప్రభుత్వం ఆ సమ్మెను చాలా కఠినంగా అణచివేసింది. వేలమందిని జైళ్లలో పెట్టారు, వేలమందిని కొలువుల నుంచి తీసివేశారు, భార్యాబిడ్డలతో సహా క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. కాజీపేట, బెజవాడ, గుంతకల్లు వంటి రైల్వే ఊళ్లలో ఆ ఇరవై రోజుల జ్ఞాపకం ఇంకా పోలేదు. తీసివేసిన వారిని తిరిగి పనిలోకి తీసుకోవడమన్నది దండవతే మంత్రి పదవిలోకి వచ్చీరాగానే చేపట్టిన పనుల్లో ఒకటి. ఎవరి మీదా కక్ష తీర్చుకోకుండా, ఇంట్లో పొయ్యి ఆరిపోయిన మనిషికి మళ్లీ జీతం అందేలా చేశారు. ఆ రోజుల నాటి కాగితాలు, ఉత్తర్వులు మీ ఇంట్లో ఏమైనా మిగిలి ఉంటే దయచేసి పారేయకండి.

ప్రశ్న: అత్యవసర పరిస్థితి కాలంలో స్నేహలతా రెడ్డి గారు ఉన్న జైలులోనే దండవతే కూడా ఉన్నారని మా ఊరి పెద్దలు అంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నిజమే. మీ జిల్లా కవి, సినీ దర్శకుడు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి గారి భార్య, రంగస్థల కళాకారిణి స్నేహలతా రెడ్డిని 1976 మే 2న అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైలులో పెట్టారు. దండవతే అప్పటికే అక్కడ ఉన్నారు. 1975 జూన్‌లో పార్లమెంటరీ కమిటీ పనిమీద బెంగళూరు వెళ్లిన ఆయనను, వాజపేయి, అద్వానీ, శ్యామ్‌నందన్ మిశ్రాలను అక్కడే అరెస్టు చేశారు. స్నేహలత ఉబ్బసం రోగి. రాత్రివేళ జైలంతా సద్దుమణిగాక ఆమె గది వైపు నుంచి కేకలు వినిపించేవని దండవతే తర్వాత రాశారు. గోడకు ఇవతల ఉండి, వినడం తప్ప చేయగలిగింది ఏమీ లేని స్థితి ఎంతటి నరకమో ఆ ఒక్క మాట చదివితే అర్థమవుతుంది. ఆరోగ్యం పూర్తిగా చెడిపోయాక 1977 జనవరి 15న ఆమెను పెరోల్ మీద విడుదల చేశారు; అయిదు రోజులకే, జనవరి 20న, ఆమె కన్నుమూశారు.

దండవతే భార్య ప్రమీల గారు కూడా అదే కాలంలో పూనాలోని యెరవాడ జైలులో ఖైదీ. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు ఆ దంపతులు ఉత్తరాలు రాసుకున్నారు. ప్రమీల గారు ఆ తర్వాత లోక్‌సభ సభ్యురాలై వరకట్నానికి వ్యతిరేకంగా గట్టిగా పోరాడారు. జైలు నుంచి వచ్చిన కొద్ది వారాలకే దండవతేకు మంత్రి పదవి దక్కింది. పద్దెనిమిది నెలలు జైలులో గడిపిన మనిషి అధికారం చేతికి రాగానే ముందు ఎవరి గురించి ఆలోచించారో పై జవాబులో చూశారు గదా.

ప్రశ్న: నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. దండవతే ఎక్కడ బోధించారు? చివరి రోజులు ఎలా గడిచాయి?
— ఒక అధ్యాపకుడు, శ్రీకాకుళం

జవాబు: 1924 జనవరి 21న అహ్మద్‌నగర్‌లో పుట్టిన ఆయన బొంబాయిలో భౌతికశాస్త్రం చదివి, అక్కడి సిద్ధార్థ కళాశాలలో ఆ శాఖకు అధిపతిగా పనిచేశారు. చదువు అందని వర్గాల పిల్లల కోసం డాక్టర్ అంబేద్కర్ 1946లో నెలకొల్పిన కళాశాల అది. కూలి పనికో, చిన్న ఉద్యోగానికో పోయే ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన కుర్రవాడికి సైన్సు పాఠం చెప్పాలంటే, అతనికి ఏది తెలియదో ముందు మాస్టారు తెలుసుకోవాలి. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రెండో తరగతి బల్ల మీద పడుకునేవాడికి ఏది గుచ్చుకుంటుందో చూడగలిగిన కన్ను ఆ తరగతి గదిలోనే తెరుచుకుందని నేను నమ్ముతాను. పాఠాలు చెబుతున్న ఆ కాలంలోనే, 1955లో, గోవా విమోచన సత్యాగ్రహంలో కూడా పాల్గొన్నారు.

1971 నుంచి కొంకణ్ ప్రాంతంలోని రాజాపూర్ నుంచి వరుసగా అయిదుసార్లు లోక్‌సభకు గెలిచారు. ఆ కొండల మధ్య రైలు వేయించాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1990లో ఆయన ఆర్థికమంత్రిగా, జార్జి ఫెర్నాండెజ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు కొంకణ్ రైల్వే సంస్థ ఏర్పడింది. ఆ ఏడాది బడ్జెట్టులోనే, బంగారం ఉంచుకోవడం మీద, నగల తయారీ మీద హద్దులు పెట్టిన బంగారం నియంత్రణ చట్టాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. 1963లో మొదలైన ఆ ఆంక్షలు మన ఊళ్ల కంసాలుల చేతి పనిని ఎంతగా దెబ్బతీశాయో, కుంపటి ఆర్పుకొని వేరే కూలికి పోయిన కుటుంబాల వారిని అడిగితే చెబుతారు.

ప్రమీల గారు 2001 డిసెంబరు 31న పోయారు. ఆయన 2005 నవంబరు 12న, 81 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో ముంబైలో కన్నుమూశారు. ఆయన ముందే కోరినట్టు దహనం చేయకుండా, భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం జె.జె. ఆసుపత్రికి అప్పగించారు.