కామోమైల్ విత్తనం మీద మట్టి కప్పకండి

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్ళి. మా అత్తగారికి 68 ఏళ్ళు, రాత్రి రెండైనా కన్ను మూతపడదు. కామోమైల్ (సీమ చామంతి) పూల టీ మంచిదన్నారని విత్తనాలు తెప్పించి ఏప్రిల్‌లో కుండీలో వేశాను, ఒక్కటీ మొలవలేదు. మాకు బోరు నీళ్ళే, తప్పు వాటిదేనా? ఆవిడ గుండె వాల్వ్ మార్పించుకుని రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారు, టీ ఇవ్వొచ్చా?

జవాబు: ముందు చివరిదానికి చెప్తానండీ. గుండె డాక్టర్ని అడక్కుండా ఒక్క కప్పు కూడా ఇవ్వకండి. రక్తం పల్చబడే మాత్ర వార్ఫరిన్ వేసుకుంటూ జలుబుకని కామోమైల్ టీ తాగి, అదే మొక్కతో చేసిన లోషన్ కూడా రాసుకున్న 70 ఏళ్ళ ఆవిడకి ఒంట్లో చాలాచోట్ల రక్తస్రావమై ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందని 2006లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించమంటారేమో. నిద్రకి కూడా దీని సాయం కొద్దిపాటిదే.

ఇక మొక్క. బోరు నీళ్ళని అనుమానించకండి, ఉత్తరప్రదేశ్‌లో దీన్ని చౌడు నేలల్లో కూడా పండిస్తారు. తప్పు నెలది, బహుశా పైన కప్పిన మట్టిది కూడా. ఏప్రిల్ ఎండ దీనికి పడదు, మన ఊళ్ళో అక్టోబర్‌లో వర్షాలు తగ్గుముఖం పట్టాక వేస్తే చలికాలమంతా పెరిగి జనవరి, ఫిబ్రవరిలో పూస్తుంది. విత్తనం ఎంత సన్నం అంటే చిటికెడు తీసుకుంటే అరచేతి గీతల్లో ఇరుక్కుపోతుంది, అందుకే పొడి ఇసుకలో కలిపి చల్లాలి, చల్లాక పైన మట్టి కప్పకూడదు, ఎందుకంటే మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. నేనూ మొదటి ఏడాది మెంతుల్లాగే కప్పేసి పాకెట్టంతా పోగొట్టుకున్నాను. అరచేత్తో మెల్లగా అదిమి, స్ప్రే బాటిల్‌తో తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో పచ్చగా నూగులా లేస్తుంది. విత్తనాలు కొనేటప్పుడు జర్మన్ రకమే అడగండి. అది ఏడాదిలో అయిపోయే మొక్క, పూలు బాగా ఇస్తుంది. పువ్వు మధ్య పసుపు బొడిపెని గోటితో చీల్చి చూడండి, లోపల బోలుగా ఉంటే అదే.

ప్రశ్న: మా మొక్క పూసింది, కానీ టీ పెడితే గడ్డి వాసన వస్తోంది. ఎందుకని? - జయనగర్ పాఠకురాలు

జవాబు: మొగ్గ మీదే కోస్తున్నారేమో చూడండి. తెల్ల రేకులు బల్లపరుపుగా విచ్చుకున్నప్పుడు, మంచు ఆరాక, కాడ లేకుండా పువ్వు మాత్రమే కోయాలి. కాడా ఆకూ పడితే గడ్డి వాసనే వస్తుంది. సరిగ్గా కోసిన పువ్వు నలిపితే ఆపిల్ పండు వాసన తగులుతుంది. నీడలో, పల్చటి బట్ట మీద, గలగలలాడేదాకా ఆరబెట్టండి, సీసాలో వేశాక లోపల చెమ్మ కనబడితే మళ్ళీ తీసి ఆరబెట్టండి. కప్పుకి ఒక చెంచా పూలు, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టి పది నిమిషాలు. మూత మాత్రం మర్చిపోకండి, ఉపయోగపడే నూనె ఆవిరితోపాటే పోతుంది. మన టీ లాగా పొయ్యి మీద మరిగించొద్దు.

ప్రశ్న: కేఆర్ మార్కెట్ చామంతులు ఎండబెట్టి తాగొచ్చా?

జవాబు: వద్దండీ. కామోమైల్‌ని సీమ చామంతి అంటారు గానీ రెండూ వేర్వేరు మొక్కలు, పైగా దండలకని పండించే పూల మీద మందులు కొడతారు. రెండూ ఒకే కుటుంబానివి కాబట్టి, చామంతి, బంతి ముట్టుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్ళూ, మన ఖాళీ సైట్ల నిండా పెరిగే వయ్యారిభామ పడనివాళ్ళూ కామోమైల్ జోలికి కూడా పోవద్దు. గర్భిణులు డాక్టర్ని అడిగాకే. కడుపునొప్పని ఆరు నెలల్లోపు పిల్లలకి పట్టడం మాత్రం అసలు వద్దు, ఆ వయసులో తల్లిపాలు తప్ప ఇంకేమీ పోయకూడదు.