100 ఎంబీపీఎస్ నెట్ పెట్టించుకున్నా డౌన్‌లోడ్ 12 ఎంబీ దాటట్లేదు, ఎందుకు?

మీ నెట్ వాడు మోసం చేయట్లేదండీ, కనీసం ఈ విషయంలో. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు బ్రౌజర్ చూపించేది మెగాబైట్లు, మనం రెండిటినీ ఎంబీ ఎంబీ అనేస్తాం కాబట్టే ఈ తికమకంతా. బిట్ అంటే ఒక్క 0 లేదా 1, అంతే. అలాంటివి 8 కలిస్తే ఒక బైట్. సో 100ని 8తో భాగిస్తే 12.5, అందులోనూ డేటా చిన్న చిన్న ముక్కలుగా (ప్యాకెట్లు) వస్తుంది, ప్రతి ప్యాకెట్ మీద అడ్రస్‌లూ అవీ మోయడానికి కొంత పోతుంది కాబట్టి 11, 12 వస్తుంటే మీ లైన్ బ్రహ్మాండంగా ఉన్నట్టే.

ఇంగ్లిష్‌లో చిన్న బి రాస్తే బిట్, పెద్ద బి రాస్తే బైట్, యాడ్‌లో ఏదుందో ఓసారి చూడండి. బైట్ అనే మాట 1956లో ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీలో వెర్నర్ బుకోల్జ్ అనే ఆయన పెట్టింది, పొరపాటున బిట్ (bit) అని రాసేయకుండా bite స్పెల్లింగ్‌లో కావాలనే ఐ తీసి వై పెట్టి byte చేశాడు (అయినా మనం కలిపేస్తూనే ఉన్నాం).

పెన్‌డ్రైవ్ గోల వేరే, 64 జీబీది కొంటే విండోస్‌లో 59 చిల్లరే కనిపిస్తుంది, కేబీ, ఎంబీ, జీబీ అని పైకి వెళ్లే ఒక్కో మెట్టునీ కంపెనీ 1000 లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి మరి. మళ్లీ నెట్ సంగతికొస్తే, వైఫైలో 4, 5 ఎంబీ మాత్రమే వస్తుంటే ముందు రౌటర్ నుంచి కంప్యూటర్‌కి కేబుల్ గుచ్చి చూడండి, లోపం వైఫైదో లైన్‌దో తెలుస్తుంది.