పార్కు పనికి వెళ్లాలంటే మొక్కల గురించి తెలిసుండాలా?

మొక్కల గురించి ఏమీ తెలియకుండా కాలనీ పక్కనున్న అటవీ శాఖ పార్కులో వాలంటీరుగా చేరొచ్చా, పదేళ్ల బాబును వెంట తీసుకెళ్లొచ్చా అని అడిగారు. నిక్షేపంగా చేరండి. హైదరాబాద్ శివార్లలో అలాంటి పార్కుకే నేను మూడేళ్లుగా ఆదివారాలు వెళ్తున్నా. చేరినప్పుడు నాకు కానుగకూ మోదుగకూ తేడా తెలియదు.

మొక్కలు నాటుదామని మాత్రం వెళ్లకండి. నాటేవాళ్లకు కొదవ లేదు. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి వానలు పడగానే జనం వస్తారు, నాటుతారు, ఫొటో దిగుతారు. పార్కుకు కావాల్సింది కలుపు పీకేవాళ్లు, ఏప్రిల్‌లో పాదులకు నీళ్లు మోసేవాళ్లు.

మేం ఎక్కువగా పీకేది వయ్యారిభామ, అదే పార్థీనియం అనే కలుపు మొక్క. వాన పడిన మర్నాడైతే వేరుతో సహా ఊడి వస్తుంది. నేల గట్టిపడ్డాక లాగితే కాడ తెగి చేతికొస్తుంది, మొదలు మళ్లీ చిగురేస్తుంది. తెల్లపూలు రాకముందే పీకేయాలి, ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది మరి. మొదటివారం పొట్టిచేతుల చొక్కాతో వెళ్లి మోచేతుల దాకా దద్దుర్లు తెచ్చుకున్నా. మీరు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, గ్లోవ్స్, బూట్లు వేసుకోండి. గుబురుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి, పాములుంటాయి.

నేను చేసిన ఘనకార్యం కూడా చెప్తా. రెండో నెలలో కసింద అనే కలుపు మొక్క అనుకుని పది పన్నెండు మొక్కలు పీకి కుప్పేశా. అక్కడి మాలి చూసి, "అది కసింద గాదు సారూ, రేల! పీకకుండ్రి" అని నెత్తి కొట్టుకున్నాడు. నేను పీకినవి పసుపు పూల గుత్తులు వేలాడే రేల చెట్టు పిల్ల మొక్కలట. ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు, వాసనే లేదు. పక్కనున్న అసలు కసింద ఆకు నలిపితే గుప్పున కంపు. ఇప్పటికీ అనుమానమొస్తే నలిపే చూస్తా. అందుకే మొదటి నెల ఆయన చూపించింది తప్ప మీ అంతట మీరు ఏదీ పీకకండి. ముందుగా పార్కు సిబ్బంది అనుమతి కూడా తీసుకోండి.

బాబుకు ఉబ్బసం, చర్మం అలర్జీ ఉంటే వయ్యారిభామ జోలికి రానివ్వొద్దు. లేకపోయినా కలుపు పని అప్పగించకండి. చిప్స్ కవర్లు ఏరడం, పక్షుల మూకుళ్లలో నీళ్లు నింపడం చాలు. మా అమ్మాయి ఆ మూకుళ్ల కోసమే నాకంటే ముందు లేచి కూర్చుంటుంది.